మా నాయిన తాగిన కల్లుల ఉన్నదీ, నేను మింగే గోలీ ఒకటేనట. గాబరా ముందా, అలవాటు ముందా?

పెద్దచెరువుకట్ట | శనివారం, రాత్రి 1:47

అందరికీ నమస్కారం. శానా రోజుల సంది ఇక్కడ చదువుతున్న గని ఎన్నడూ రాయలే. ఇయ్యాల నిద్ర పడతలేదు. పొడుగైతే ఏమనుకోకుండ్రి.

నాకు 34 ఏండ్లు. ఊరు కామారెడ్డి దగ్గర. ఉద్యోగం హైదరాబాద్‌ల, ఒక కంపెనీల స్టోర్స్ చూస్త. ఎనిమిదేండ్ల కింద ఒకరోజు సిటీ బస్సుల నిలబడి పోతుంటే ఉన్నట్టుండి గుండె దడదడ కొట్టుకున్నది. చేతులు తిమ్మిర్లు, ఊపిరాడలే. పాణం పోయినట్టే అనుకున్న. ఎట్లనో దిగి రోడ్డు పక్కన కూసున్న. ఈసీజీ తీసిండ్రు, టూడీ ఎకో తీసిండ్రు, గుండెకు ఏం లేదన్నరు. "టెన్షన్ పెట్టుకోకు" అని ఒక గోలీ రాసిచ్చిండ్రు. అల్ప్రాజోలం 0.25. పది రోజులకు.

ఆ మొదటి గోలీ నాకు ఇప్పటికీ యాదికున్నది. చిన్నప్పటి సంది నా కడుపుల ఒక గాబరా ఉంటది. బడిల సారు పేరు పిలిస్తే, చుట్టాలింటికి పోవాల్నంటే, తెల్వని నంబర్ నుంచి ఫోనొస్తే. అది లేకుండ ఉంటే ఎట్లుంటదో ఆ రోజు తెలిసింది. మిగతా జనం రోజూ ఇట్లనే బతుకుతరా అనిపించింది.

పది రోజుల చీటీ ఎనిమిదేండ్లు నడిచింది. 0.25 పోయి 0.5 అయింది. ఒకటి రెండైంది, ఇప్పుడు మూడు. రెండేండ్ల సంది రాత్రి గోలీతోని ఒక నైంటీ కూడ. నా భార్యకు గోలీ సంగతి ఎరుకే, మూడని ఎరుక లేదు.

పోయిన ఆదివారం ఇగ చాలనుకొని రెండూ ఒక్కసారే బంద్ పెట్టిన. రెండో రోజు చేతులు వణికినయ్. మూడో రోజు పొద్దుగాల గడ్డం గీస్కుందామంటే బ్లేడు పట్టరాలే. ఒళ్లంత చెమటలు, గిన్నె చప్పుడైతే ఉలిక్కిపడుడు, గోడ మీద ఏదో కదిలినట్టు అనిపించుడు. అద్దంల చూసుకుంటే మా నాయిన కనిపించిండు.

2015ల మా దిక్కు మందు కలిపిన కల్లు మీద దాడులు చేసిండ్రు. నిజామాబాద్, మెదక్, మహబూబ్‌నగర్, పేపర్ల నిండ అదే. మా నాయిన ఇరవై ఏండ్ల సంది రోజూ దుకాణంల కూసొని తాగేటోడు. కల్లు దొరకక మూడో రోజుకే చేతులు వణుకుడు, ఒంటి మీద ఏదో పాకుతున్నట్టు గీరుకునుడు, రాత్రంత లేని మనుషులతోని మాటలు. తెల్లారంగ ఫిట్స్. సర్కారు దవాఖాన నిండ అసుంటోళ్లే. కల్లుల ఏం కలుపుతరని అడిగితే డాక్టర్ మూడు పేర్లు చెప్పిండు. క్లోరల్ హైడ్రేట్, డైజోఫాం, అల్ప్రాజోలం. ఆ పేర్లు అప్పుడు నా చెవిల పడి పోయినయ్. రెండేండ్లకు నా చేతికి చీటీ వచ్చినప్పుడు కూడ గుర్తు పట్టలే.

మొన్న మూడో రోజు తట్టుకోలేక మళ్ల గోలీ ఏసుకున్న. గంటకు వణుకు ఆగింది. మా నాయినకు కూడ సూది ఇచ్చినంక గట్లనే ఆగింది. స్ట్రిప్ ఎనక ఉన్న పేరు పదిసార్లు చదువుకున్న.

నేను అడిగేది రెండు. ఒకటి, దీన్ని ఎట్ల ఆపాలె. రెండోది, నాకు ముందు ఉన్నది గాబరానా, లేకపోతే ఈ అలవాటు మా రక్తంలనే ఉన్నదా? మా నాయినను ఊరంత తాగుబోతు అన్నది. నేను కూడ అన్న.

రెండోబెంచి | శనివారం, రాత్రి 2:05

అన్నా, మిగతావన్నీ తెల్లారాక మాట్లాడుకుందాం. ఒక్కటి మాత్రం ఇప్పుడే చెబుతున్నా, మళ్లీ ఒకేసారి ఆపొద్దు. మా బావ ఇలాగే పట్టుదలకి పోయి ఆపేశాడు. మూడో రోజు బాత్రూంలో ఫిట్స్ వచ్చి పడితే తలకి తొమ్మిది కుట్లు పడ్డాయి. పొద్దున వదినకి మూడు మాత్రల సంగతి చెప్పు. వణుకు మళ్లీ మొదలైతే ఎవరో ఒకరిని వెంటబెట్టుకుని క్యాజువాలిటీకి వెళ్లు.

సంకల్పబలం | ఆదివారం, ఉదయం 6:31

తమ్ముడూ, నీ బాధ అర్థమైంది. కానీ డాక్టర్ల చుట్టూ తిరిగితే ఒక మాత్ర పోయి ఇంకో మాత్ర వస్తుంది. నేను పద్దెనిమిదేళ్లు సిగరెట్లు కాల్చి ఒక్కరోజులో మానేశాను. మనసు గట్టిగా అనుకోవాలి. పొద్దున్నే ప్రాణాయామం చెయ్యి, రాత్రి గోరువెచ్చని పాలు తాగు. భయం అనేది మనం పెంచుకుంటేనే పెరుగుతుంది.

తెల్లకోటు | ఆదివారం, ఉదయం 9:20

నేను సైకియాట్రీ డాక్టర్‌ని, రాయలసీమలో ప్రభుత్వ ఆసుపత్రిలో పని చేస్తాను. మీ మోతాదు ఎంత తగ్గించాలో ఇక్కడ రాయను, మిమ్మల్ని చూడకుండా అది రాయకూడదు. మీకు జరుగుతున్నదేమిటో మాత్రం చెప్పగలను.

సంకల్పబలం గారూ, మీరు సిగరెట్లు మానడం చిన్న విషయం కాదు. అయితే సిగరెట్లు ఒక్కరోజులో ఆపితే చిరాకు, నిద్ర పట్టకపోవడం, తలనొప్పి వస్తాయి గానీ మనిషి చనిపోడు. ఏళ్ల తరబడి వాడిన అల్ప్రాజోలం గానీ, రోజూ తాగే మద్యం గానీ ఉన్నపళంగా ఆపితే ఫిట్స్ వచ్చి చనిపోవచ్చు. ఈ రెండింటి దగ్గర పట్టుదలే ప్రమాదం తెచ్చిపెడుతుంది. దయచేసి ఎవరికీ ఆ సలహా ఇవ్వకండి.

మెదడులో నరాల ఉద్రేకాన్ని అణచడానికి గాబా అనే రసాయనం ఉంది, రేపడానికి గ్లూటమేట్ ఉంది. తక్కెడలో రెండు పళ్లేలు అనుకోండి. అల్ప్రాజోలం, డైజోఫాం, క్లోరల్ హైడ్రేట్, సారా, బ్రాందీ, ఇవన్నీ గాబా పళ్లెంలో రాళ్లు వేసేవే. మొదటి రోజున మనిషికి హాయిగా ఉంటుంది. కానీ మెదడు ఊరుకోదు. తక్కెడ సరి చేసుకోవడానికి అవతలి పళ్లెంలో తనూ రాళ్లు వేస్తుంది. అందుకే పాత మోతాదు చాలదు. ఎనిమిదేళ్లలో రెండు పళ్లేలూ బరువెక్కి ఉంటాయి. మీరు ఆదివారం నాడు ఇవతలి రాళ్లన్నీ ఒకేసారి తీసేశారు. అవతలి పళ్లెం దబ్బున నేలకు కొట్టింది. వణుకు, చెమట, ఉలికిపాటు, గోడ మీద కదలిక, అదంతా ఆ దెబ్బే.

మద్యానికి దీని గడియారం చాలావరకు తెలిసిందే. చివరి చుక్క తర్వాత ఆరేడు గంటలకు వణుకు మొదలవుతుంది. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ ప్రమాదం ఎక్కువ. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య కొందరికి మతి చెదిరి, లేనివి కనబడి, ఒళ్లు కాలిపోయే స్థితి వస్తుంది. దాన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటాం. ఇంట్లోవాళ్లు "గాలి సోకింది" అని తాయెత్తు కట్టించడానికి తిప్పుతుంటే విలువైన గంటలు పోతాయి.

మీరు గమనించాల్సింది ఇంకొకటి. అల్ప్రాజోలం త్వరగా పనిచేస్తుంది, త్వరగా దిగిపోతుంది. దాదాపు పదకొండు గంటల్లో ఒంట్లో సగానికి పడుతుంది. అలవాటు పడ్డ మనిషికి రెండు మాత్రల మధ్యలోనే దడ మొదలవుతుంది. అది పాత జబ్బు లాగే ఉంటుంది. అదే గుండె దడ, అదే ఊపిరాడకపోవడం. "నా జబ్బు ముదిరింది" అనుకుని ఇంకో మాత్ర వేసుకుంటారు, తగ్గుతుంది. తగ్గింది కాబట్టి అది జబ్బే అని నమ్ముతారు. మీ మూడు మాత్రల్లో ఎన్ని జబ్బుకి, ఎన్ని మాత్ర తెచ్చిన దడకి? తాగినవాళ్లకి తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చి గుండె కొట్టుకోవడం కూడా ఇదే లెక్క.

మాత్ర మీద నైంటీ వేసుకోవడం మాత్రం ఈ రాత్రి నుంచే భయపడాల్సిన సంగతి. రెండూ కలిస్తే నిద్రలో శ్వాస మందగించి ఆగిపోవచ్చు. అలాగని మద్యమూ మీరే ఆపేయకండి. రేపే డాక్టర్ దగ్గరికి వెళ్లి రెండూ వాడుతున్నానని అంకెలతో సహా చెప్పండి. మీ రెండో ప్రశ్నకి సాయంత్రం జవాబు రాస్తాను. ఓపీకి టైమైంది.

మోకుముస్తాదు | ఆదివారం, మధ్యాహ్నం 12:44

మాది నల్లగొండ దిక్కు. మా తాత, మా నాయిన గీత కార్మికులు. చెట్టు మీదికెళ్లి పడి మా చిన్నాయిన నడుము ఇరిగి పదేండ్లు మంచంల ఉండె. అందుకే కల్లు అన్న మాట వస్తే నేను ఊకోలేను.

తమ్మీ, మీ నాయిన తాగింది కల్లు కాదు. చెట్టు కల్లు పొద్దుగాల దింపితే మాపటికల్ల పులిసిపోతది. పట్నంల గన్ని కల్లు కాంపౌండ్లున్నయ్, అన్నిటికి సాలేటన్ని తాళ్లు, ఈదులు ఏడున్నయ్? నీళ్లు, తీపికి శాక్రిన్, మత్తుకు ఆ పొడి. తాగేటోళ్లు ఎవరు? హమాలీలు, మట్టి పని చేసేటోళ్లు, మీ దిక్కైతే బీడీలు చుట్టే ఆడోళ్లు. పగలంత ఒళ్లు హూనమై, రాత్రి నిద్ర కోసం తాగేటోళ్లు. తాగి లొల్లి చేసేటోడు అందరికీ కనవడతడు. సప్పుడు చేయకుండ రెండు సీసలు తాగి గోడకు ఆనుకొని పండుకునేటోడు ఎవరికీ కనవడడు.

కల్లు బందైతే ఆ పొడి బందైతది, మనిషి కొట్టుకుంటడు. వాళ్లు కల్లుకు బానిసలైండ్రని రాస్తరు. చెట్టుకు చెడ్డపేరు, తాగినోనికి చెడ్డపేరు, పొడి అమ్మినోని పేరు ఎవనికీ తెల్వది. 2025 జులైల కూకట్‌పల్లి దిక్కు కల్తీ కల్లు తాగి మనుషులు సచ్చిపోయిండ్రు. ఆ వారం మా నాయిన అన్నం తినలే.

మీ నాయినను తాగుబోతు అన్నందుకు బాధపడుతున్నవు. ఆయన బతికుంటే పోయి పక్కన కూసో.

మందులషాపు | ఆదివారం, సాయంత్రం 4:10

ఇది రాయాలా వద్దా అని పొద్దున్నుంచి ఆలోచిస్తున్నా. గుంటూరు జిల్లాలో నాకు మెడికల్ షాపు ఉంది.

అల్ప్రాజోలం షెడ్యూల్ హెచ్1 మందు. 2014 మార్చి నుంచి అమల్లో ఉన్న రూలు ప్రకారం డాక్టర్ చీటీ ఉంటేనే ఇవ్వాలి. చీటీ రాసిన డాక్టర్ పేరు, పేషెంట్ పేరు, ఇచ్చిన పరిమాణం వేరే రిజిస్టర్‌లో రాసి మూడేళ్లు దాచాలి. పెట్టె మీద ఎర్ర గీతల డబ్బాలో హెచ్చరిక కూడా ఉంటుంది. అదంతా కాగితం మీద. కౌంటర్ దగ్గర జరిగేది వేరు. 2019 నాటి చీటీని ఫొటో తీసి వాట్సాప్‌లో పెడతారు. "మాస్టారూ, రేపు చీటీ తెస్తా, ఇవాళ నిద్ర పట్టదు" అంటారు. తెలిసిన మొహాలు. కాదంటే పక్క వీధిలో దొరుకుతుంది.

అలా ఇచ్చినవాళ్లలో నేనూ ఉన్నాను. ఒక రిటైర్డ్ టీచర్ గారు నెలకి రెండు స్ట్రిప్పులతో మొదలుపెట్టి ఏడు దాకా వచ్చారు. పడిపోయి తుంటి ఎముక విరిగాక వాళ్లబ్బాయి వచ్చి ఇంట్లో దొరికిన ఖాళీ స్ట్రిప్పులు సంచితో నా కౌంటర్ మీద పోశాడు. ఒక్క మాట అనలేదు. ఆ రోజు నుంచి చీటీ లేకుండా ఇవ్వట్లేదు, తేదీ చూడకుండా ఇవ్వట్లేదు. కొందరు గిరాకీలు పోయారు.

తమ్ముడూ, ఎనిమిదేళ్లలో నీకు ఆ గోలీలు ఇచ్చినవాళ్లు ఒక్కసారైనా "ఎందుకు ఇన్నాళ్లు" అని అడిగి ఉండాల్సింది. నీ తప్పొక్కటే కాదు ఇది.

గోదారిగట్టు | ఆదివారం, సాయంత్రం 5:38

రాజమండ్రి నుంచి. తాగుడు మానేసి ఆరేళ్ల నాలుగు నెలలైంది. మీ పోస్టులో "చిన్నప్పటి సంది గాబరా" అన్న దగ్గర ఆగిపోయాను.

నాకు మనుషులంటే భయం. పులన్నా పామన్నా భయం లేదు. నలుగురిలో నిలబడి పేరు చెప్పమంటే నాలిక అంగిట్లో అతుక్కుపోయేది. పెళ్లి భోజనాల్లో నీళ్లు కావాలని అడగలేక దాహంతో లేచి వచ్చేవాణ్ణి. ఇంజనీరింగ్ రెండో ఏడు సెమినార్ ఇవ్వాల్సిన రోజు హాస్టల్లో ఒక సీనియర్ రెండు పెగ్గులు పోశాడు. ఇరవై నిమిషాలు మాట్లాడాను, చప్పట్లు కొట్టారు. పంతొమ్మిదేళ్ల కుర్రాడికి ఆ చప్పట్లు ఏం నేర్పుతాయో ఊహించండి. అందరూ సరదాకి తాగుతారంటారు. నేను నోరు పెగలడానికి తాగాను.

తర్వాత పన్నెండేళ్లు. ఉద్యోగం పోయింది, పెళ్లి నిశ్చయమై తప్పింది. మూడుసార్లు డీఅడిక్షన్ సెంటర్లో చేర్చారు. మొదటి రెండుసార్లూ ఒంట్లో మందు దింపేశారు, బీ1 విటమిన్ ఇంజక్షన్లు చేశారు, బలం వచ్చింది, "ఇక ముట్టుకోకు" అని పంపేశారు. బయటికొచ్చి మొదటి పెళ్లికి వెళ్లగానే అదే పెదవి ఎండిపోవడం. సాయంత్రానికి తాగేశాను. ఒక చోటైతే నాతో బాటు చేరినవాళ్లని మంచానికి కట్టేసేవారు. ఆ భయం తాగుడు మాన్పించదు, దాన్ని మరిచిపోవడానికి ఇంకో క్వార్టర్ కావాలి.

మూడోసారి ఒక డాక్టర్ గారు ఎవరూ అడగని ప్రశ్న అడిగారు. "తాగకముందు, చిన్నప్పుడు, నీకేమంటే భయం?" గంటసేపు ఏడ్చాను. అప్పుడు రెండింటికీ కలిపి వైద్యం మొదలైంది. ఆందోళన తగ్గించే సెర్ట్రాలిన్ అనే మందు ఇచ్చారు. నెల రోజులదాకా నాకు తేడా తెలియలేదు. అల్ప్రాజోలంలా అరగంటలో పనిచేసేది కాదది, ఆ నెల ఓర్చుకోవడమే కష్టం. దాంతో బాటు కౌన్సిలింగ్. సీబీటీ అంటారు. నా భయాలన్నీ చిన్న దగ్గర్నుంచి పెద్ద దాకా నిచ్చెన మెట్లలా రాయించారు. అన్నిటికన్నా కింది మెట్టు, కిరాణా కొట్లో వంద నోటుకి చిల్లర అడగడం. ఏమీ కొనకుండా. అది చెయ్యడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. పై మెట్టు, మా వీధి రామాలయంలో మైకు పట్టుకుని చందాల లెక్క చదవడం. అది పద్నాలుగు నెలలకి చదివాను.

ఏఏ, అంటే ఆల్కహాలిక్స్ అనానిమస్, తాగుడు మానాలనుకునేవాళ్లు కలిసే మీటింగులకి ఇప్పటికీ వెళ్తాను. మొదటి నాలుగు నెలలు నోరు విప్పలేదు. ఎవరూ బలవంతపెట్టలేదు, టీ ఇచ్చి పక్కన కూర్చునేవారు. నాలాంటివాడికి అదే మందు. మధ్యలో ఒకసారి జారాను, మా అత్తయ్య పోయినప్పుడు. మర్నాడు వెళ్లి చెప్పాను.

డాలస్‌రాత్రి | ఆదివారం, రాత్రి 8:15

ఇక్కడ డాలస్‌లో నాకూ ఇదే కథ, కాకపోతే వీకెండ్ విస్కీ రోజూ విస్కీ అయింది. వీసా భయం, లేఆఫ్ భయం. పానిక్ అటాక్ వచ్చి వెళ్తే అల్ప్రాజోలం అడిగాను. డాక్టర్ ముందు తాగుడు గురించి అడిగి, ఇవ్వనని చెప్పింది. ఈ జాతి మందులన్నిటి మీదా ఎఫ్‌డీఏ, అంటే ఇక్కడి మందుల నియంత్రణ సంస్థ, 2020లోనే దుర్వినియోగం, వ్యసనం గురించి నల్ల గీతల పెట్టెలో వేసే గట్టి హెచ్చరికని పెంచిందని వివరించింది. ఆ రోజు కోపం వచ్చింది. మీ పోస్టు చదివాక ఆవిడకి మెసేజ్ పెట్టాలనిపించింది.

థెరపీలో ఒక ఇబ్బంది. ఎంత ఇంగ్లీష్ వచ్చినా "కడుపులో దేవినట్టుంది", "గుండె జారిపోయింది", "కాళ్లూ చేతులూ ఆడట్లేదు" చెప్పలేకపోయాను. ఆన్‌లైన్‌లో తెలుగు మాట్లాడే కౌన్సిలర్ దొరికాకే నిజంగా మాట్లాడాను.

తెల్లకోటు | ఆదివారం, రాత్రి 10:02

మీ రెండో ప్రశ్న: ముందు ఏది?

చాలామందిలో, ముఖ్యంగా గోదారిగట్టు గారిలా మనుషుల మధ్య భయం ఉన్నవాళ్లలో, ఆందోళనే ముందు వస్తుంది. అది బడి వయసులోనే మొదలవుతుంది, తాగుడు దాని వెనక వస్తుంది. 1985లో ఎడ్వర్డ్ ఖాంట్జియన్ అనే అమెరికన్ సైకియాట్రిస్ట్ దీన్ని ఒక సిద్ధాంతంగా రాశారు. మనుషులు మత్తుని ఊరికే ఎంచుకోరని, తమ లోపల భరించలేనిదానికి సొంత వైద్యం చేసుకుంటారని. అందరికీ అది సరిపోదు. ఏళ్ల తరబడి తాగినందువల్లే మొదటిసారి పానిక్ వచ్చినవాళ్లనీ నేను రోజూ చూస్తాను. గంజాయి తాగాక మొదటి పానిక్ వచ్చిన ఇంజనీరింగ్ పిల్లలూ వస్తున్నారు. నాలుగో కాఫీ తర్వాత దడ అని వచ్చేవాళ్లూ ఉన్నారు. వంశపారంపర్యంగా రెండిటికీ కొంత మొగ్గు ఉంటుంది. మొగ్గు మాత్రమే, రాసిపెట్టినది కాదు.

మేం ఎలా తేలుస్తామంటే, మత్తు పూర్తిగా ఆగి నాలుగు వారాలయ్యాక చూస్తాం. మత్తు తెచ్చిన ఆందోళన అప్పటికి చాలావరకు దిగిపోతుంది. మిగిలింది మనిషి సొంతం. మద్యం సంగతి ఇది, ఏళ్ల తరబడి మాత్రలు వాడినవాళ్లకి ఇంకా ఎక్కువ కాలం పట్టవచ్చు. కానీ మీలా చిన్నప్పటి నుంచీ ఉందని స్పష్టంగా చెప్పేవాళ్లకి ఆ గడువు కోసం ఆగక్కర్లేదు, రెండు వైద్యాలూ కలిసే మొదలుపెట్టవచ్చు. తాగుడు ఆపి రమ్మని సైకియాట్రిస్టూ, ఆందోళన తగ్గించుకుని రమ్మని డీఅడిక్షన్ సెంటరూ తిప్పి పంపితే ఆ మధ్య దారిలోనే మనిషి పోతాడు. ఇది చూసి చూసి నాకు కోపం వస్తుంది. 2017 మానసిక ఆరోగ్య చట్టం మద్యం, డ్రగ్స్ వల్ల వచ్చే స్థితుల్ని కూడా మానసిక అనారోగ్యంలోనే చేర్చింది. చట్టంలో రెండూ ఒకటే తలుపు.

అల్ప్రాజోలం జాతి మందుల చరిత్ర కూడా ఒక మాట. ఈ జాతిలో మొదటిది, క్లోర్‌డయాజెపాక్సైడ్, లియో స్టెర్న్‌బాక్ కనిపెట్టింది, 1960లో మార్కెట్‌కి వచ్చింది. డయాజెపాం 1963లో. మీరంతా డైజోఫాం అంటున్నది దాన్నే. అంతకుముందున్న నిద్రమాత్రల కన్నా క్షేమం అని ప్రపంచమంతా రాశారు. ఇంగ్లండ్‌లో న్యూకాజిల్‌లో హెదర్ ఆష్టన్ అనే ప్రొఫెసర్ 1982 నుంచి 1994 దాకా వీటిని మాన్పించడానికే ఒక క్లినిక్ నడిపారు. పేషెంట్లు చెప్పింది విని, మెల్లగా, నెలల తరబడి తగ్గించే పద్ధతి రాసిపెట్టారు. ఇప్పటి వైద్యుల మార్గదర్శకాలూ ఆ దారినే, రెండు నుంచి నాలుగు వారాలకోసారి ఐదు నుంచి పది శాతం తగ్గింపుతో మొదలుపెట్టమంటాయి. పళ్లెంలో రాళ్లు ఒక్కొక్కటిగా తీస్తే అవతల మెదడు కూడా తన రాళ్లు తీసుకుంటుంది.

ఒంటరివాణ్ణని అనుకోకండి. 2019లో ఎయిమ్స్ ఆధ్వర్యంలో వెలువడిన దేశవ్యాప్త సర్వేలో, డాక్టర్ చీటీ లేకుండా మత్తుమాత్రలు వాడేవాళ్లు కోటికి పైగా తేలారు. మద్యానికి బానిసైనవాళ్లలో 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక వైద్యం అందింది. బెంగళూరు మానసిక వైద్య సంస్థ నింహాన్స్ వాళ్ల 2015–16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 12 రాష్ట్రాల్లో జరిగింది, మన రెండు రాష్ట్రాలూ అందులో లేవు. 2020 లాక్‌డౌన్ మొదటి వారాల్లో కల్లూ మందూ దొరక్క హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి రోజూ అంతమంది వస్తే గానీ ఈ సమస్య ఎంతుందో జనానికి కనబడలేదు.

వరండాకుర్చీ | సోమవారం, ఉదయం 11:26

నాకు 41. మా అమ్మకి 66. నెలసరి ఆగిన రోజుల్లో నిద్ర పట్టక మొదలుపెట్టిన చిన్న తెల్ల మాత్ర పదిహేనేళ్లుగా ఆమె దిండు కింద ఉంది. ఇంట్లో ఎవరం దాన్ని వ్యసనం అనుకోలేదు. గుడికెళ్తుంది, ఉపవాసాలుంటుంది, ఆమెకేం వ్యసనం? తీర్థయాత్రలో స్ట్రిప్ మరిచిపోయిన మూడో రోజు "నా పిల్లలు నన్ను వదిలేసి పోయారు" అని సత్రం మెట్ల మీద కూర్చుని అరిచింది. మతిమరుపు జబ్బేమోనని స్కానింగులు తీయించాం. ఎవరూ మాత్ర గురించి అడగలేదు, మేమూ చెప్పలేదు.

డాక్టర్ గారూ, ఈ వయసులో తగ్గించవచ్చా?

తెల్లకోటు | సోమవారం, మధ్యాహ్నం 2:50

తగ్గించవచ్చు అమ్మా, ఇంకా మెల్లగా. పెద్దవాళ్లలో ఈ మాత్రల వల్ల మతిమరుపు, తూలి పడిపోవడం ఎక్కువ. తగ్గాక జ్ఞాపకశక్తి మెరుగైనవాళ్లని చూశాను. ఆవిడని దోషిలా నిలబెట్టి మాట్లాడకండి, దిండు కింద నుంచి మాత్ర లాక్కోకండి. ఆవిడతో కలిసి డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

నిర్వాహకుడు | సోమవారం, సాయంత్రం 6:00

మిల్లీగ్రాముల లెక్కతో తగ్గించే చిట్కాలు రాసిన రెండు పోస్టులు తొలగించాం. ఉద్దేశం మంచిదే కావచ్చు, ఒకరి లెక్క ఇంకొకరికి ప్రాణం మీదికి తెస్తుంది. టెలి మానస్ నంబర్ 14416, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. వ్యసనాల గురించి 14446.

సంకల్పబలం | సోమవారం, రాత్రి 11:48

నిన్నటి నా పోస్టు తీసేద్దామనుకున్నాను, ఉంచుతున్నాను. మా తమ్ముడు తాగుతాడు. నాలుగేళ్లుగా వాడితో మాట్లాడట్లేదు, "నేను మానలేదా, నీకేం రోగం" అని ఇంట్లోంచి పంపేశాను. చిన్నప్పుడు వాడు చీకటంటే, మా నాన్న గొంతంటే వణికేవాడు. పక్క తడిపేవాడు, నేను నవ్వేవాణ్ణి. గోదారిగట్టు గారు రాసింది చదివితే వాడి మొహం కనబడింది. వాడి నంబర్ మారిందేమో తెలియదు. రేపు మా పిన్నిని అడుగుతాను.

పెద్దచెరువుకట్ట | తొమ్మిది రోజుల తర్వాత, రాత్రి 9:30

అందరికీ దండాలు. నా భార్యకు చెప్పిన. మూడని చెప్పంగనే "నాకు ఎరుకే, స్ట్రిప్పులు లెక్కపెట్టిన" అన్నది. ఏడాది సంది లెక్కపెడుతున్నదట, అడిగితే ఏమైతదోనని అడగలే.

సర్కారు దవాఖానల సైకియాట్రీ డాక్టర్ దగ్గరికి పోయినం. ఆరు రోజులు చేర్చుకొని మందు మాన్పిచ్చిండ్రు. గోలీని ఎక్కువసేపు పనిచేసే ఇంకోదానికి మార్చి, అది మెల్లగ తగ్గిస్తమన్నరు. గాబరాకు ఎస్సిటాలోప్రామ్ మొదలైంది. రెండు మూడు వారాలు ఓపిక పట్టుమన్నరు. పడుతున్న.

పెద్దచెరువుకట్ట | అయిదు నెలల తర్వాత, సాయంత్రం 7:05

ఇయ్యాల మా నాయిన సంగతి చెప్త.

మోకుముస్తాదు అన్న చెప్పినట్టు పోయి పక్కన కూసున్న. నా గోలీ స్ట్రిప్ చేతిల పెట్టి "నీ కల్లుల ఉన్నది ఇదే" అన్న. శానసేపు చూసిండు. అప్పుడు చెప్పిండు. 1994ల దుబాయ్ పోయి ఏజెంట్ మోసం చేస్తే నాలుగు నెలలకే తిరిగొచ్చిండు. వడ్డీకి తెచ్చిన పైసలు. రాత్రి కుక్క మొరిగితే అప్పులోళ్లొచ్చిండ్రని లేచి కూసునేటోడట. గుండె కొట్టుకునుడు, చెమటలు, ఊపిరాడకపోవుడు. ఎవలకు చెప్తే ఏమంటరు, మొగోడు భయపడుడేంది? ఒకరోజు దుకాణంల రెండు సీసలు తాగితే తెల్లారేదాక నిద్రపోయిండు. "గా నిద్ర కోసమే పోయిన బిడ్డా, తాగుడు కోసం పోలే" అన్నడు.

2015ల ఆయనకు కల్లు మాన్పిచ్చి పంపిండ్రు. ఆ భయాన్ని ఎవలూ అడగలే. పదేండ్లు ఒక్కడే మోసిండు. ఇప్పుడు ఆయన కూడ నాతోని దవాఖానకు వస్తుండు. 63 ఏండ్లకు మొదటిసారి "రాత్రుళ్లు భయమైతది" అని డాక్టర్ ముందట అన్నడు.

నా గోలీలు ఇప్పుడు ఆయన దగ్గరనే ఉంటయ్, బీడీల డబ్బాల. డాక్టర్ రాసిచ్చిన కాగితం చూసి, కత్తెరతోని కొలిచినట్టు సగం చేసి రోజూ ఆయననే ఇస్తడు. నేను మొదలుపెట్టినదాంట్ల మూడో వంతుకు వచ్చిన. మందు ముట్టలే. బస్సుల రెండుసార్లు దడ వచ్చింది, దిగలే, నిలబడ్డ, పది నిమిషాలకు అదే పోయింది.

డాక్టర్ సార్, ఒకటి అడుగుత. ఈసారి తగ్గించిన కాడినుంచి రాత్రి పీడకలలు, చెవిల గుయ్యిమని సప్పుడు. ఇది మామూలేనా? మా డాక్టర్‌కు చూపించుకునుడు ఇంకా పది రోజులున్నది.

తెల్లకోటు | అయిదు నెలల తర్వాత, రాత్రి 9:41

వస్తాయి, చివరి భాగంలో ఎక్కువ. కానీ పది రోజులు ఆగకండి, రేపే మీ డాక్టర్‌కి ఫోన్ చెయ్యండి. ఈ మెట్టు మీదే ఇంకో రెండు వారాలు ఉందామంటారేమో అడగండి. అలా ఆగడం వెనక్కి పోవడం కాదు, తొందరేమీ లేదు. నాన్నగారికి నా నమస్కారం చెప్పండి.